తొలి లొట్టి మర్యాద

మా ఇంటి మగవాళ్ళందరికీ గొంతు సవరించుకునే అలవాటు ఉంది. మా తాత సవరించుకుంటే వాకిట్లో నిలబడ్డవాళ్ళు మాట ఆపేవారట. మా నాన్న సవరించుకుంటే ఇంట్లోవాళ్ళు ఆపేవారు. నేను సవరించుకుంటే నా భార్య మిరియాల పాలు కాచి ఇవ్వనా అని అడుగుతుంది. మూడు తరాల్లో మా ఇల్లు ఎన్ని మెట్లు దిగిందో చెప్పడానికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

మాది పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారిలో రోడ్డు దిగి అడవి వైపు నడిస్తే వచ్చే ఊరు. ఒకప్పుడు మేం ఆ ఊరికి దొరలం. భూములు కొన్నిటిని చట్టం తీసుకుంది, కొన్నిటిని మా పెద్దవాళ్ళు పేకముక్కల మీద పరిచారు. ఇంటి ముందు గదుల్లో ఇప్పుడు ఎరువుల బస్తాలు ఉంటాయి. యూరియా వాసన దాటుకుని వస్తే వెనక ఉన్న రెండు గదుల్లో నేను ఉంటాను. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు. దాచుకుందామన్నా ఆ వాసన దాచనివ్వదు.

అన్నీ పోగా మాకు ఒక్క మర్యాద మిగిలింది. వాగు ఒడ్డున ఒక జీలుగు చెట్టు ఉంది. చెట్టు మాది కాదు, అది నిలబడ్డ చెలకా ఇప్పుడు మాది కాదు. జీలుగు కల్లు తెలియనివాళ్ళకు చెప్తున్నాను: అది తాటికల్లు లాంటిది కాదు. చెట్టు నిలువునా ఆకాశంలోకి పోతుంది, పైన జడల్లాంటి గెలలు వేలాడతాయి, చలికాలంలో గెల కోసి కింద లొట్టి, అంటే కల్లు కుండ, కడితే ఎండాకాలం దాకా కారుతూనే ఉంటుంది. ఆ చెట్టు గీసే కోయ పెద్దాయన ప్రతి ఏడూ గెల కోసిన మొదటి రోజు పడిన కల్లును, ఆ తొలి లొట్టిని, నేరుగా మా ఇంటికి తెస్తాడు. వాళ్ళ తాత మా తాతకు తెచ్చాడు, వాళ్ళ నాన్న మా నాన్నకు తెచ్చాడు. నేను ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఒక గ్లాసు తాగుతాను. "బాగుంది" అంటాను. ఆ మాట పడ్డాకే ఊళ్ళో మిగతావాళ్ళు ఆ చెట్టు కల్లు ముట్టుకుంటారు.

ఒకప్పుడు వెండి గ్లాసులో తాగేవాళ్ళం. ఆ గ్లాసు ఎక్కడికి పోయిందో ఊరందరికీ తెలుసు. మేం మాత్రం కనబడటం లేదు అంటాం. ఇప్పుడు స్టీలు గ్లాసు.

ఆ కల్లు గొంతును గట్టిగా పట్టుకుంటుంది. లోపల గోళ్ళతో గీరినట్టు ఉంటుంది, నాలుక వెనక దురద పెడుతుంది, రోజుల తరబడి వదలదు. మా నాన్న నాకు మొదటిసారి ఇచ్చినప్పుడు చెప్పాడు: "తియ్యటి కల్లు కూలి మనుషులది. దొర తాగేది గొంతు పట్టుకోవాలి." నేను ఆ మాటను నలభై ఏళ్ళు నమ్మాను. మిగతా రోజుల్లో మేం కల్లు ముట్టేవాళ్ళం కాదు. చెట్టు కిందికి పోయి పదిమందితో గొంతుక్కూర్చుని ఆకు దొప్పలో తాగటం మా ఇంటికి తగదు. వాళ్ళే మోసుకొచ్చి ఇచ్చేది తొలి లొట్టి ఒక్కటే. కాబట్టి ఏడాదికి ఒక్క గ్లాసు. ఆ ఒక్క గ్లాసుతోనే మా ఇంటివాళ్ళకు నాలుక ఉందని, మందు ఏదైనా మేం చెప్తేనే లెక్క అని పేరు వచ్చింది. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే, మేమే పెట్టుకున్నాం.

పోయిన ఏడు ఆ పేరు మీద పందెం కాశాను. ఎవరూ కాయమనలేదు.

నాకు ఒక దోస్తు ఉన్నాడు. ఖమ్మం హాస్టల్లో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. వాళ్ళ నాన్న కొత్తగూడెంలో బొగ్గు బాయిలో దిగేవాడు. హాస్టల్ చేరిన మొదటి రోజు నా ట్రంకు పెట్టె లోపలికి పెట్టమని వాడికి చెప్పాను. వాడు నా మొహం కేసి చూసి, "ఎందుకు, నీ చేతులకేమైంది?" అని అడిగాడు. నిజంగానే చేతులకు ఏదో అయిందేమో అనుకుని, జాలిగా అడిగాడు. అప్పటినుంచి దోస్తులం. తర్వాత వాడు పాల్వంచ థర్మల్ స్టేషన్లో కెమిస్టుగా చేరాడు. ముప్పై ఏళ్ళు బాయిలర్లోకి పోయే నీళ్ళను గాజు గొట్టాల్లో పోసి పరీక్షించాడు. రిటైరయ్యాక పరీక్షించడానికి ఏమీ లేక ఇంట్లో పాలను, పప్పును, పెళ్ళాన్ని పరీక్షించటం మొదలుపెట్టాడు. ఆమె భరించలేక బెంగళూరులో ఉన్న తమ్ముడి దగ్గరికి పది రోజులు పంపింది.

వాడు అక్కడినుంచి బీరు పిచ్చి పట్టించుకుని వచ్చాడు.

మా వైపు బీరులో రెండే రకాలు. సల్లగున్నది, సల్లగలేనిది. వైన్స్ కౌంటరు దగ్గర ఎవరైనా ఇంకో ప్రశ్న అడిగితే వెనక నిలబడ్డవాళ్ళు తోస్తారు. బెంగళూరులో అట్లా కాదట. అక్కడ బీరును హోటల్లోనే పెద్ద పెద్ద రాగి గంగాళాల్లో కాస్తారట, ఒక చెక్క పలక మీద చిన్న చిన్న గ్లాసులు వరసగా పెట్టి ఇస్తారట, ఒక గడ్డం పిల్లవాడు వచ్చి దేనిలో ఏ వాసన వెతకాలో చెప్తాడట. బామ్మర్ది వీణ్ణి ఒకరోజు క్లాసుకు కూడా తీసుకుపోయాడు. బీరు తాగటానికి క్లాసు. ముప్పై ఏళ్ళు షిఫ్టు దిగి సైకిలు మీద పోతూ వైన్స్ ముందు నిలబడి రెండు గుక్కల్లో సీసా దించినవాడు, సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. దానికి ఫ్రేము కట్టించాడు.

ఒక ఆదివారం పొద్దున ఫోను చేశాడు.

"దొరా, బీర్లు తెచ్చిన. రా. మార్కులేద్దాం."

"మార్కులేమిట్రా?"

"పదికి పది. రంగుకు, వాసనకు, నోట్లె ఎట్లుంది, మింగినంక ఏం మిగిలింది. రిజిస్టర్ గీసి పెట్టిన. నీ నాలుక అవసరం."

నీ నాలుక అవసరం అన్నాడు. నా ఎకరం, నా సంతకం, నా మాట ఎవరికీ అవసరం పడక ఇరవై ఏళ్ళయింది. షేవింగ్ చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాను. అంతకు పది రోజుల ముందే ఆ ఏటి తొలి లొట్టి తాగి ఉన్నాను కాబట్టి నా నాలుక అప్పుడే సాన పట్టినట్టు ఉందని కూడా అనుకున్నాను.

వాడి ఇల్లు పాల్వంచలో, పొగగొట్టాలు కనిపించే వీధిలో ఉంది. వరండాలో టేబులు వేసి దాని మీద తెల్ల గుడ్డ పరిచాడు. ల్యాబు నుంచి తెచ్చుకున్న గాజు గ్లాసులు, గీతలున్నవి. పక్కన నోరు పుక్కిలించుకోవడానికి నీళ్ళ చెంబు, ఉమ్మడానికి బకెట్టు. బకెట్టు చూసి నేను వెనక్కి తగ్గాను.

"ఉమ్ముతారా?"

"క్లాసుల గట్లనే చెప్పిన్రు. మింగితే నాలుక మొద్దుబారుతదట."

లోపలినుంచి వాడి భార్య పల్లీల గిన్నె పట్టుకుని వచ్చింది. "అన్నా, మీరు మింగుండ్రి. బకెట్ నేనే కడగాలె," అంది.

మింగాలని తీర్మానమైంది.

మొదట డబ్బాల మీద ఉన్నది చదివి తాగాం. గోధుమ బీరులో నారింజ తొక్కా ధనియాలూ వేశామని రాశాడు. ఒకటి మామిడి బీరు. ఒకటి నల్లటిది, కాఫీ, చాక్లెటు, కాల్చిన కట్టె వాసనలు వస్తాయని రాశాడు. ఇంకొకదాంట్లో ఉప్పు వేశామని గొప్పగా చెప్పుకున్నాడు. ఆఖరిది చేదు బీరు, దాని డబ్బా మీద ఏనుగు బొమ్మ. చేదు ఎంత ఉందో అంకె కూడా వేశారు.

నా దోస్తు గోధుమ బీరును గ్లాసులో తిప్పాడు, ముక్కు లోపల పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు. "అరటిపండు వాసనొస్తున్నది," అన్నాడు.

"ధనియాలు వేశామని కదా రాసింది?"

"ధనియాలు తర్వాతొస్తయ్. మొదలు అరటిపండు, తర్వాత లవంగం."

వాడి భార్య కూడా ఆ గ్లాసును వాసన చూసి, "చారు వాసనే. నిన్నటిది," అంది.

దానితో నాకు బలం వచ్చింది. నల్ల బీరు మాడిన గిన్నెలో నానబెట్టిన నీళ్ళలా ఉందన్నాను. మామిడిది పాత మామిడి తాండ్రను దవాఖానా సిరప్‌లో కలిపినట్టు ఉందన్నాను. ఉప్పు బీరు గురించి, ఊరగాయ జాడీ కడిగిన నీళ్ళను మేం పారబోస్తాం, బెంగళూరువాళ్ళు డబ్బాలో పెడతారు అన్నాను. నా దోస్తు ప్రతి మాటా రిజిస్టర్లో ఎక్కించాడు. నేను తిట్టినదాన్ని కూడా అంత శ్రద్ధగా రాస్తుంటే నేను ఇంకా బాగా తిట్టాను.

చేదు బీరు మాత్రం తాగగానే నిటారుగా కూర్చున్నాను. అది గొంతు పట్టుకుంది. తొలి లొట్టి అంత కాదు, కానీ ఆ వంశానిదే.

"ఇదీ," అన్నాను. "ఇది తాగేవాడి కోసం చేసింది."

"ఏనుగు బొమ్మ చూసి అంటున్నవ్," అన్నాడు దోస్తు. "డబ్బా చదివినంక నాలుక అబద్ధం చెప్తది. మా ల్యాబుల పేరు చూడకుండ నంబరే చూసేటోళ్ళం."

ఇక్కడే నేను నోరు జారాను.

"నాకు డబ్బా అక్కర్లేదురా. కళ్ళకు గంతలు కట్టు. ఏది ఏదో చెప్తాను. జీలుగు చెట్టు తొలి లొట్టి తాగి, ఊరందరి తరఫున మంచీ చెడూ చెప్పే ఇల్లు మాది. నీ గడ్డం పిల్లవాడు నాకు నేర్పేదేమిటి? ఇందులో తప్పితే వచ్చే ఏడు తొలి లొట్టి నా గడప తొక్కనవసరం లేదు."

ఆ మాట ఎవరూ అడగలేదు. నాకు మిగిలిన ఒక్కదాన్నీ నేనే తెచ్చి టేబులు మీద పెట్టాను.

వాడు రిజిస్టరు మూశాడు. తర్వాత లోపలికి పోయాడు. ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు, గ్లాసులు కడిగిన చప్పుడు. తిరిగొచ్చి నా కళ్ళకు టవలు కట్టాడు, ముడి గట్టిగా వేశాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, అది నాకు గంతలు విప్పాక వాడు చెప్తే తెలిసింది. వాళ్ళ ల్యాబులో ఒక పద్ధతి ఉండేదట. కెమిస్టు చెయ్యి సరిగ్గా ఉందో లేదో చూడటానికి, రోజూ వచ్చే నీళ్ళ సీసాల మధ్య అతనికి బాగా తెలిసిన నీళ్ళ సీసా ఒకటి పేరు లేకుండా పెట్టేవారు. దాని అంకె తప్పు రాస్తే ఆ రోజు అతను రాసిన అన్ని అంకెలూ కొట్టేసేవారు. నా దోస్తు ముప్పై ఏళ్ళు అలా పరీక్షకు నిలబడ్డాడు, ఇతరులను నిలబెట్టాడు. వాడికి దుర్బుద్ధి లేదు. నేను ఇట్టే పట్టేస్తానని, అప్పుడు నా నాలుకకు సర్టిఫికెట్ ఇచ్చినట్టవుతుందని అనుకున్నాడు. నాకు మర్యాద చేద్దామనుకున్నాడు.

టేబులు మీద అయిదు కాదు, ఆరు గ్లాసులు ఉన్నాయని వాడే చెప్పాడు. "ఆరోది కొత్తది. దగ్గర్లనే చేసిన్రు. చూద్దాం చెప్తవో లేదో."

మొదటి గ్లాసు మామిడి, చెప్పేశాను. రెండోది నల్లది, చెప్పేశాను. మూడోది ఉప్పుది, ఉమ్మి మరీ చెప్పాను. వాడి భార్య కెవ్వుమంది.

నాలుగో గ్లాసు చల్లగా ఉంది. నోట్లో పోసుకున్నాను. తియ్యగా ఉంది, లేత కొబ్బరి లాంటి తీపి, వెనక సన్నటి పులుపు, నాలుక మీద చిన్నగా చిటపట. మింగితే ఎక్కడా ఆగలేదు. గొంతులోకి జారిపోయింది, గొంతుకు తెలియను కూడా తెలియలేదు.

"ఇది బీరా?" అన్నాను.

"నువ్వే చెప్పు. నంబర్ నాలుగు."

"ఇది చేసినవాడికి మందు అంటే ఏమిటో తెలియదు. చక్కెర నీళ్ళు. ఆడపిల్లల పుట్టినరోజుకు పోసే షర్బత్తులో సోడా కలిపి, దగ్గర్లోనే ఎవడో షాపు పెట్టి మోసం చేస్తున్నాడు. గొంతులో పట్టు లేదు, వెన్నెముక లేదు. పదికి రెండు. ఆ రెండు కూడా చల్లగా ఉన్నందుకు."

పెన్ను చప్పుడు ఆగింది. తలుపు దగ్గర ఎవరో దగ్గారు. వాడి భార్య నవ్వు కూడా ఆగింది.

"ఏందిరా, రాసుకో," అన్నాను. "అయిదోది ఇవ్వు."

"దొరా," అన్నాడు నా దోస్తు నెమ్మదిగా. "ఇంకోసారి తాగి చూడు. జల్దీ ఏం లేదు."

ఇంకోసారి తాగాను. "రెండు ఎక్కువ. ఒకటి వెయ్."

వాడు టవలు ముడి విప్పాడు. కళ్ళు నలుపుకుని చూస్తే, నా ముందు నాలుగో గ్లాసులో తెల్లటిది, పాలలో నీళ్ళు కలిపినట్టు ఉంది. గుమ్మంలో, అన్నం తిన్న చేయి తుడుచుకుంటూ, నిలబడి ఉన్నాడు మా ఊరి కోయ పెద్దాయన. ఏటా నాకు తొలి లొట్టి తెచ్చేవాడు. ఈ పరీక్షలో కలపడానికని నా దోస్తు ముందే కబురు పెడితే, ఆ పొద్దునే నీళ్ళ డబ్బాలో కల్లు పట్టుకుని బస్సులో వచ్చాడట. వెనక వరండాలో అన్నం తింటూ, నేను చెప్పిందంతా విన్నాడు.

"నీ చెట్టుదే," అన్నాడు నా దోస్తు. వాడి మొహం చూడలేకపోయాను. "చెక్ శాంపిల్ లెక్క పెట్టిన. నువ్వు వాసనకే చెప్తవనుకున్న."

నేను లేచి నిలబడ్డాను. కూర్చుని ఓడిపోవటం మా ఇంట్లో లేదు.

"కాదు. ఇది మా చెట్టు కల్లు కాదు. మా చెట్టు కల్లు నాకు తెలియదా? అది గొంతు పట్టుకుంటుంది. పది రోజుల కింద తాగాను, ఇంకా గీరుతోంది. ఇతను వేరే చెట్టుది తెచ్చాడు."

పెద్దాయన నన్నూ, నేలనూ, మళ్ళీ నన్నూ చూశాడు. తర్వాత భుజం మీది తుండు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"చెట్టు అదే దొరా. గొంతు పట్టేది తొలినాటి లొట్టి. గెల కోసిన్నాడు పసరు దిగుతది. దురద పెడతది. అది ఎవ్వరు తాగరు."

"మరి ఏం చేస్తారు?"

"పారబోస్తం. నాలుగో నాటి నుంచి తాగుతం."

"పారబోస్తే నాకు తెచ్చేది ఏమిటి?"

ఆయన నవ్వు ఆపుకున్నాడు. ఈసారి కొంచెం భయపడ్డట్టు చూశాడు. నన్ను చూసి కాదు, తన నోరు తానే చూసుకుని.

"చెప్పు తాతా," అంది నా దోస్తు భార్య. "ఇప్పుడేం దాస్తవ్."

చెప్పాడు. మా తాత ఊళ్ళో ఏది కాసినా మొదటిది తనకే రావాలని పట్టు పట్టాడట. మొదటి మామిడికాయ, మొదటి గుమ్మడికాయ, మొదటి కంకి. అలాగే మొదటి లొట్టి. వీళ్ళ తాత మా వాకిట్లో నిలబడి, దొరా తొలి లొట్టి మంచిది కాదు, నాలుగు రోజులాగి మంచిది తెస్తాను అని చెప్పబోయాడట. మంచిది మీరు తాగి మిగిలింది నాకు తెస్తావా అని మా తాత చెర్నాకోల అందుకున్నాడట. సరేనని మర్నాడు తొలి లొట్టి తెచ్చాడు. మా తాత వెండి గ్లాసులో పోయించుకుని గడగడా తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతు పూడింది. చుట్టూ జనం. తప్పు అయిందని ఎలా అంటాడు?

"బాగుందన్నడట," అన్నాడు పెద్దాయన. "అప్పటినుంచి తెస్తనే ఉన్నం."

"మా నాన్న?"

"నాయన గూడ బాగుందన్నడు. మీరూ బాగుందన్నరు."

"మీరెవరూ నవ్వలేదా?"

ఆయన తుండు సర్దుకున్నాడు. "కంచె ఎనక కూసునేటోళ్ళు దొరా. అందరు. దొర గొంతు సవరించుకుంటడు చూడుండ్రి అని. మా పిల్లలకు ఆ దినం పండగ."

మూడు తరాల మా గొంతు సవరింపు, వాకిట్లో మాటలు ఆపించిన ఆ గర్జన, పసరు దురద. ఆ తర్వాత ఊరు నా మాట కోసం ఆగి తాగేదనుకున్నాను. కల్లు తాగదగ్గది అయ్యేదాకా ఆగేవారు.

ఒక ప్రశ్న అడగకుండా ఉండవలసింది. అడిగాను. "మా తాత అంటే చెర్నాకోల. నా దగ్గర ఏముంది? ఇంకా ఎందుకు తెస్తున్నావు?"

ఆయన నా చొక్కా ఇస్త్రీ మడతను చూశాడు. "మీరు కుర్చీ ఏసుకొని ఎదురుచూస్తరు గద," అన్నాడు.

ఆ మాటలో ఎగతాళి ఉంటే తట్టుకునేవాణ్ణి. లేదు.

నా దోస్తు రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. "నంబర్ నాలుగు కొట్టేస్తున్న. నాదే తప్పు. ఇది బీరే కాదు."

"మీ ల్యాబులో తప్పు అంకెను చెరిపేవాళ్ళా?"

"చెరపం. అడ్డంగ గీత కొట్టి పక్కన సంతకం పెడతం. కింద అంకె కనబడాలె."

"అయితే అట్లాగే చెయ్యి. చెక్ శాంపిల్ తప్పితే అన్నీ కొట్టేయాలని కదా మీ పద్ధతి? అన్నీ కొట్టెయ్."

ఏనుగు బొమ్మ బీరుకు నేనిచ్చిన తొమ్మిది మార్కులతో సహా అన్నిటి మీదా గీత కొట్టించి, ఒక్కొక్క దాని పక్కన సంతకం పెట్టాను. చాలా ఏళ్ళ తర్వాత నా సంతకం ఇన్నిసార్లు ఎవరికో పనికొచ్చింది. నాలుగో గ్లాసులో మిగిలినది తాగాను. తియ్యగా ఉంది. ఎన్ని మార్కులు వేయమంటావని వాడు అడిగితే, ఆరు అన్నాను. ఎనిమిది అనవచ్చు. ఒకేసారి అంత దిగలేను.

తిరుగు బస్సులో పెద్దాయనా నేనూ ఎక్కాం. ఒక సీటు ఖాళీగా ఉంది. ఆయన నన్ను కూర్చోమన్నాడు, నేను ఆయన్ను కూర్చోమన్నాను. ఇద్దరం మర్యాదలు చేసుకుంటుంటే షిఫ్టు దిగిన కార్మికుడొకడు కూర్చుని నిద్రపోయాడు. ఊరు వచ్చేదాకా నిలబడే ఉన్నాం. వచ్చే ఏడు తొలి లొట్టి సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పందెం కాసిన మాట ఆయన విన్నాడు. ఓడిపోయినదీ చూశాడు.

తర్వాతి చలికాలం దాకా ఆ సంగతి నా కడుపులో ఉండిపోయింది. ఆయన తేకపోతే న్యాయమే. తెస్తే అవమానం. తేకపోతే ఇంకా అవమానం. గెల కోసిన రోజు నాకు తెలియకపోలేదు, వాగు వైపు నడకకు పోయి చూసి వచ్చాను. మర్నాడు కుర్చీ వేయకూడదనుకున్నాను. పది గంటలకు వేశాను. ఎరువుల బస్తాలు దించే హమాలీలు చూస్తున్నారని, చేతిలో పేపరు పట్టుకున్నాను.

పదకొండు దాటాక లొట్టి పట్టుకుని వచ్చాడు. ఎప్పటిలాగే చెప్పులు గేటు బయట విడిచి, ఎప్పటిలాగే లొట్టి రెండు చేతులతో దించి, స్టీలు గ్లాసులో పోశాడు. కంచె వెనక తలలు కనబడ్డాయి. పిల్లలూ, ముసలివాళ్ళూ. ఇన్నేళ్ళూ అవి నాకు ఎందుకు కనబడలేదో తెలియదు. తల దించకుండా కూర్చునేవాడికి కంచె ఎత్తులో ఉన్నవి కనబడవేమో.

తాగాను. పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. గొంతు సవరించుకోకుండా ఆపుకోవటం సాధ్యం కాదు, సవరించుకున్నాను. కంచె వెనక ఒక పిల్ల కిసుక్కుమంది.

"బాగా లేదు," అన్నాను. గట్టిగానే అన్నాను, కంచె దాకా వినబడేట్టు. "అసలు బాగా లేదు. దురద."

పెద్దాయన లొట్టి పక్కన అలాగే నిలబడ్డాడు. కంచె వెనక తలలు ఒకటొకటిగా పైకి లేచాయి.

"మీ తాత గీ మాట ఒక్కసారి అంటే అయిపోతుండె గద దొరా," అన్నాడు. "అప్పుడే మానేటోళ్ళం."

లొట్టి ఎత్తి యూరియా బస్తాల పక్కనున్న కాలవలో వంచేశాడు. మూడు తరాల మర్యాద రెండు క్షణాల్లో ఖాళీ అయింది. ఒక హమాలీ అయ్యో అన్నాడు, వాడికి ఏమీ తెలియదు.

"ఇగ తేను," అన్నాడు పెద్దాయన. గేటు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగాడు. "నాలుగో నాడు పొద్దుగాల్ల చెట్టు కాడికి రండ్రి. మంచిది ఎవ్వరికీ మోసుకరాం. ఎవరైనా ఆడికే రావాలె. కుర్చీ ఉండదు."

నాలుగో నాడు పోయాను. ఇస్త్రీ పంచె కట్టుకోలేదని చెప్పాలని ఉంది, కానీ కట్టుకున్నాను. చెట్టు కింద పదిహేనుమంది దాకా గుండ్రంగా కూర్చున్నారు. నాకు చోటు చూపించారు, మొదట్లో కాదు, మధ్యలో. మోకాళ్ళు చప్పుడు చేస్తూ కూర్చున్నాను. ఆకు దొప్ప రెండు చేతుల మధ్య పెట్టి సొరబుర్రతో పోశారు. దొప్పను నోటి దగ్గరికి ఎత్తబోతే ఒలికింది. పక్కనున్న ముసలమ్మ నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు వంచింది. "గట్ల కాదు. నువ్వే దాని కాడికి పో," అంది.

వంగాను. తాగాను. నా దోస్తుకు ఫోనులో చెప్పటానికి మనసులో అంకె కూడా వేసుకున్నాను, తొమ్మిది.

తల ఎత్తి, అలవాటుగా, అందరికీ వినబడేట్టు "బాగుంది" అన్నాను.

అప్పటికే అందరూ రెండో దొప్ప తాగుతున్నారు.